గుణానికి విలువ, గుణానికి ధర

పిల్లల ఆటల గురించి ఒక విమర్శ పత్రికలో రాయవలసిన అవసరం ఏమొచ్చిందని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగటం న్యాయమే. సాహిత్యంలో తేలవలసిన సమస్యలు ఇన్ని ఉండగా వీడియో గేముల్లోని వింతప్రాణుల స్వభావాలను పట్టుకు కూర్చోవటం కాలక్షేపంగా కనిపిస్తుంది. కాని ఒక్క విషయం ఆలోచించాలి. నేటి విద్యార్థుల్లో చాలామందికి నవలల్లోని పాత్రలకన్నా ముందు ఈ ఆటల్లోని ప్రాణులతో పరిచయమవుతున్నది. పిరికివాణ్ణి ఎలా చూడాలి, మొండివాణ్ణి ఎలా చూడాలి, సిగ్గరిని ఏం చెయ్యాలి అన్న పాఠాలు వాళ్ళు అక్కడే మొదట నేర్చుకుంటున్నారు. మనుషుల శీలాన్ని గుర్తించటం, దానికి విలువ ఇవ్వటం నేర్పేది సాహిత్యమేనని మనం ఇంతకాలం చెప్పుకుంటూ వచ్చాం. ఆ పనికే మరొకటి పూనుకున్నప్పుడు అది ఎలా చేస్తున్నదో చూడటం మన పని కాదనటం పొరపాటు.

ఇందులో రెండు తప్పుదారులున్నాయి. ఈ ఆటలన్నీ పెట్టుబడిదారులు పిల్లలకు పోసే నల్లమందు అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యటం ఒకటి. ఆటను ఆటగా చూడాలి గాని అందులో సిద్ధాంతాలు వెతకటమేమిటని నవ్వెయ్యటం రెండోది. ఈ రెండు వాదాలూ పైకి విరుద్ధంగా కనిపించినా ఒకచోట కలుస్తాయి: ఇద్దరూ వస్తువును విప్పి చూడరు. విప్పి చూద్దాం.

పోకెమాన్ అన్న పేరు వినని విద్యార్థి అరుదు. జపానులో 1996 ఫిబ్రవరిలో, గేమ్ బాయ్ అనే చేతిలో ఇమిడే యంత్రం కోసం, ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రూపాల్లో వెలువడిన ఆట అది. దాన్ని ఊహించిన సతోషి తజిరి టోక్యో శివారు ప్రాంతమైన మచిదలో పెరిగాడు. చిన్నతనంలో పురుగుల్ని పట్టి దాచుకోవటం అతనికి వ్యసనం. నగరం విస్తరించి చెరువులూ పొలాలూ పూడిపోయాక ఆ పురుగులు కనిపించకుండా పోయాయి. పోయిన ఆనందాన్ని తరవాతి పిల్లలకు యంత్రంలోనైనా ఇవ్వాలన్నది అతని ఆలోచన. అతని సంస్థ గేమ్ ఫ్రీక్ 1983లో ఆటల గురించి చేత్తో రాసి పంచిన చిన్న పత్రికగా మొదలైంది. చిన్న పత్రికల కష్టసుఖాలు తెలిసిన మనకు ఈ వివరం కొంత ఆత్మీయంగా ఉంటుంది.

ఆటగాడు అడవుల్లో, గుహల్లో తిరిగి వింతప్రాణుల్ని పట్టుకుంటాడు, పెంచుతాడు, ఇతరుల ప్రాణులతో పోటీకి దింపుతాడు. మొదటి ఆటలో ఉన్నవి 151 జాతులు. ఒక రూపంలో దొరికేవి కొన్ని రెండో రూపంలో దొరకవు గనక, రెండు యంత్రాలను తీగతో కలిపి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి. ఒంటరిగా ఆడుకునే ఆటలో స్నేహాన్ని అవసరంగా మార్చిన ఈ ఏర్పాటులో మంచి ఊహ ఉన్నది. ఒకే ఆటను రెండు రూపాల్లో అమ్ముకునే వ్యాపారపు ఊహ కూడా అందులోనే ఉన్నది. రెంటినీ విడదీసి, ఇది మంచి, ఇది చెడు అని చెరోవైపు పెట్టటం సాధ్యం కాదు. స్వభావం సంగతిలో కూడా మనకు ఎదురయ్యేది ఈ వైరుధ్యమే.

మొదటి ఆటల్లో జాతి ఉన్నది గాని వ్యక్తి లేదు. ఒక పికాచుకూ మరొక పికాచుకూ తేడా లోపల దాగిన కొన్ని అంకెలే. 2002 నవంబరులో జపానులో విడుదలైన రూబీ, సఫైర్ ఆటల్లో మొదటిసారి ప్రతి ప్రాణికీ ఒక స్వభావం వచ్చింది. జపాను ఆటలో దానికి వాడిన మాట 'సెయికాకు'. మనుషుల స్వభావానికి వాడే మాటే. అటువంటివి 25 ఉన్నాయి. పిరికిది, మొండిది, ధైర్యం గలది, అణకువ గలది, ఉల్లాసంగా ఉండేది, తొందరపాటు మనిషి లాంటిది, నింపాదిగా ఉండేది, పరధ్యానపుది, ఒంటరితనం భరించలేనిది, సిగ్గరి, చెప్పినమాట వినేది - ఇలా సాగుతుంది జాబితా. పేర్లు చదువుతుంటే ఒక తరగతి గది కళ్ళముందు నిలుస్తుంది. ఉపాధ్యాయులకు ఇందులో ప్రతి ఒక్కరూ తెలిసినవాళ్ళే.

పేరుతోబాటు ఒక లెక్క ఉన్నది. ప్రాణబలం గాక ప్రతి ప్రాణికీ అయిదు శక్తులుంటాయి: ఒంటిబలంతో చేసే దాడి, దాన్ని కాచుకునే రక్షణ, నిప్పు, విద్యుత్తు, మనోబలం వంటి వాటితో చేసే ప్రత్యేక దాడి, దాన్ని కాచుకునే ప్రత్యేక రక్షణ, అయిదోది వేగం. స్వభావం వీటిలో ఒకదాన్ని నూటికి పది పెంచుతుంది, ఒకదాన్ని నూటికి పది తగ్గిస్తుంది. పెరిగేవి అయిదు, తగ్గేవి అయిదు, హెచ్చిస్తే ఇరవైఅయిదు. పిరికిదానికి వేగం పెరుగుతుంది, దాడి తగ్గుతుంది. తొందరపాటు గలదానికి వేగం పెరుగుతుంది, రక్షణ తగ్గుతుంది. నింపాదిగా ఉండేదానికి రక్షణ పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ధైర్యవంతుడు గట్టిగా కొడతాడు గాని నెమ్మదిగా కదులుతాడు, పారిపోవలసిన తొందర అతనికి లేదు గనక. ఒంటరితనం భరించలేనిది బలంగా కొడుతుంది గాని దెబ్బ కాచుకోలేదు.

దీన్ని చిన్నచూపు చూడటం తగదు. పరిశీలన తెలిసినవాళ్ళు వేసిన పట్టిక ఇది. ఏ గుణమూ ఉచితంగా రాదనీ, బలం ఎక్కడ ఉంటే దానికి సంబంధించిన బలహీనత అక్కడే ఉంటుందనీ, ఒకే స్వభావం ఒకచోట గుణమై మరోచోట దోషమవుతుందనీ ఈ పట్టిక చెబుతున్నది. సకలగుణాభిరాముడైన నాయకుణ్ణీ, సకలదోషాల పుట్ట అయిన ప్రతినాయకుణ్ణీ ఇంకా సృష్టిస్తున్న మన కథకులు కొందరు దీన్నుంచి నేర్చుకోవలసింది ఉన్నది. అంతేగాదు, ఆ ఆటల్లో స్వభావాన్నిబట్టి రుచులు కూడా మారుతాయి. మొండిదానికి కారం ఇష్టం. పిరికిదానికి తీపి ఇష్టం, కారం పడదు. ప్రాణబలం పుంజుకోవటానికి తినే కొన్ని పండ్లు, రుచి పడని ప్రాణికి పెడితే, బలం ఇస్తూనే తికమక పుట్టిస్తాయి. ఔషధమైనా మనిషినిబట్టి పనిచేస్తుందన్న లోకజ్ఞానం ఇది.

ఇంతవరకూ బాగానే ఉన్నది. ఇక ఈ స్వభావాలకు ఆటలో జరిగే మర్యాద చూద్దాం.

మా హాస్టలు విద్యార్థి ఒకడు రోజుల తరబడి ఈ ఆటలో గుడ్లు పొదిగించటం చూశాను. రెండు ప్రాణుల్ని జతగా ఒకచోట అప్పగిస్తే గుడ్డు పెడతాయి. దాన్ని వెంటబెట్టుకుని నడిస్తే పిల్ల వస్తుంది. అతనికి కావలసింది పిరికి స్వభావం గల ఏబ్రా పిల్ల. పెరిగితే అది మనోబలంతో పోరాడే ప్రాణి అవుతుంది. పుట్టినవాటిలో ధైర్యవంతులున్నారు, ఉల్లాసులున్నారు, కష్టజీవులున్నారు. అన్నిటినీ పక్కకు నెట్టేస్తున్నాడు. పిరికిదే ఎందుకు కావాలని అడిగాను. "ఇది చేత్తో కొట్టదు సార్. దాడి తగ్గినా నష్టం లేదు. వేగం పెరిగితే లాభం" అన్నాడు. మిగిలినవాటిని ఏం చేస్తావంటే, "వదిలేస్తా" అన్నాడు. వదిలిన ప్రతిసారీ ఆట తెరమీద ఆ ప్రాణికి పేరు పెట్టి వీడ్కోలు చెబుతుంది. అతను ఆ మాట చదవటం కూడా లేదు, మీట నొక్కుతున్నాడు.

ఆ విద్యార్థి జవాబులో మొత్తం అర్థశాస్త్రం ఉన్నది. పిరికిదాన్ని అతను ఎన్నుకున్నది దాని పిరికితనం అర్థమై కాదు, దానిమీద జాలితో అసలే కాదు. ఆ స్వభావంలో పోయేది తనకు అక్కరలేనిది, వచ్చేది తనకు కావలసినది. గుణానికీ దోషానికీ ఉన్న విడదీయరాని బంధమే ఆ పట్టికలోని సత్యం అనుకున్నాం. కొనుగోలుదారు ఆ బంధాన్ని చాలా సులువుగా తెంపేస్తాడు: దోషం తనకు తగలనిచోట పడేటట్టు ఎంచుకుంటాడు. నిద్రపట్టని రోగాన్ని కావలివాడిలో సుగుణంగా లెక్కించే యజమాని ఇలాగే ఆలోచిస్తాడు. కావలివాడి రోగం అతనికి అక్కరలేదు, మేలుకున్న కళ్ళు కావాలి.

పట్టికలో మరొక విశేషం ఉన్నది. పెరిగే శక్తీ తగ్గే శక్తీ ఒకటే అయిన గళ్ళు అయిదున్నాయి. అక్కడ లాభం నష్టాన్ని కొట్టేస్తుంది, మిగిలేది సున్న. ఆ అయిదు గళ్ళలో ఏ స్వభావాలను కూర్చోబెట్టారు? సిగ్గరి, ఒక్కో వేళ ఒక్కో బుద్ధి గలది, చెప్పినమాట వినేది, శ్రద్ధగలది, కష్టపడి పనిచేసేది. చివరిదానికి జపాను మాట 'గంబారియా' - శక్తివంచన లేకుండా పాటుపడే మనిషి అని. ఇరవైఅయిదు స్వభావాల ఈ లోకంలో కష్టజీవి వల్ల లాభం సున్న! శ్రద్ధాళువు వల్ల లాభం సున్న! ఇది రచయితలు కావాలని చేసిన వ్యంగ్యమని నేను అనటం లేదు. వాళ్ళ ఉద్దేశం, కష్టజీవి ఏ ఒక్కవైపూ ఒరగడు, సమంగా ఉంటాడు అని చెప్పటమే కావచ్చు. కాని పోటీ లోకంలో సమంగా ఉండటానికి ధర లేదు. ఏదో ఒక దిక్కున మితిమీరినదానికే ధర. అందుచేత గుడ్డు పగిలి కష్టజీవి బయటికి వస్తే, మరుక్షణం దానికి వీడ్కోలు.

ఈ విషయంలో ఆట క్రమక్రమంగా నిస్సంకోచంగా తయారైంది. 2002లో తెరమీద కనిపించేది స్వభావం పేరు మాత్రమే. లెక్క తెలియాలంటే బయట తెలుసుకోవాలి. 2009లో వచ్చిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆటల్లో పెరిగిన శక్తి ఎర్రరంగులో, తగ్గిన శక్తి నీలిరంగులో చూపించటం మొదలైంది. పేరు చదవనక్కరలేదు, రంగు చూస్తే చాలు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఎవర్‌స్టోన్ అనే రాయి తగిలిస్తే పిల్లకు ఆ స్వభావం వచ్చే అవకాశం 2004 నాటి ఎమరాల్డ్ ఆటలో సగానికి సగం. 2012 నాటి ఆటలకు అది నూటికి నూరుపాళ్ళ హామీ అయింది. ఉత్పత్తి మెరుగుపడింది, వృథా తగ్గింది. దయ పెరగటం వల్ల జరిగిన మార్పు కాదిది.

వీడ్కోలు ప్రస్తావన వచ్చింది గనక మరొక్క వింత చెప్పాలి. రూబీ, సఫైర్ ఆటల్లో నీటిమీద ప్రయాణించే విద్య మీ దగ్గర ఒక్క ప్రాణికే తెలిసి ఉండి, దాన్నే మీరు వదిలేస్తే, అది తిరిగి వస్తుంది. మీ గురించి బెంగపడి వచ్చిందేమో అన్న అర్థం వచ్చే మాట తెరమీద కనిపిస్తుంది. ఎంత కదిలించే మాట! అసలు కారణం, అది లేకపోతే మీరు నీళ్ళమధ్య చిక్కుకుపోతారు, ఆట ముందుకు సాగదు. పనికివచ్చేది తిరిగి వచ్చినప్పుడు దాని పేరు ప్రేమ. పనికిరాని కష్టజీవికి కూడా బెంగ ఉండవచ్చునన్న ఊహ ఆటకు రాలేదు.

ఇక్కడ మౌలికమైన ప్రశ్న ఒకటి వస్తుంది. స్వభావం ఎక్కడనుంచి వస్తుంది? పోకెమాన్ ఇచ్చే జవాబు స్పష్టంగా ఉన్నది: పుట్టుకతో వస్తుంది. రూబీ, సఫైర్ కాలపు ఆటల్లో ప్రాణి ఎదురైన క్షణంలోనే యంత్రం దానికి 32 బిట్ల సంఖ్య ఒకటి రాస్తుంది. దాన్ని 25తో భాగిస్తే మిగిలే శేషమే దాని స్వభావం. ఆడదా మగదా అన్నది కూడా ఆ సంఖ్యలోనే ఉంటుంది. మనవాళ్ళు బ్రహ్మరాత అన్నదానికి ఇంతకన్నా కచ్చితమైన నమూనా దొరకదు. ఆ ప్రాణి ఎవరితో పోరాడిందన్నదాన్నిబట్టి దాని శక్తులు పెరుగుతాయి. కాని వెయ్యి పోరాటాలు గెలిచినా పిరికిది పిరికిదే, జీవితమంతా ఒంటరిగా నెట్టుకొచ్చినా ఒంటరితనం భరించలేనిది అలాగే ఉంటుంది. శ్రమ శరీరాన్ని మారుస్తుంది గాని మనస్సును మార్చదు అన్నమాట. పుట్టుకనుబట్టి గుణాన్ని నిర్ణయించే సిద్ధాంతంతో తరతరాలుగా పోరాడుతున్న దేశంలో ఈ పాఠం పిల్లలు నేర్చుకుంటుంటే మనం ఊరుకోలేం.

మరో దారి లేక ఇలా చేశారా? కాదు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1998లో, అదే గేమ్ బాయ్ యంత్రం మీద ఎనిక్స్ సంస్థ విడుదల చేసిన డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్ అనే ఆట ఉన్నది. అక్కడా వింతప్రాణులే, అక్కడా స్వభావాలే. కాని అక్కడ స్వభావం నడవడిలోనుంచి ఏర్పడుతుంది. ఎప్పుడూ తెగబడి దాడి చెయ్యమని పురమాయిస్తూ ఉంటే ప్రాణి దూకుడుగా తయారవుతుంది. జాగ్రత్తగా మసలమంటూ ఉంటే జాగ్రత్త అలవడుతుంది. పుస్తకాలు కూడా దాన్ని మారుస్తాయి: భయం గొలిపే కథల పుస్తకం ఒకవైపు, హాస్యం పుస్తకం మరొకవైపు. పుస్తకం స్వభావాన్ని మారుస్తుందని నమ్మిన ఆటను మనం ఎలా మెచ్చుకోకుండా ఉంటాం! అయితే అక్కడ కూడా స్వభావాన్ని మలిచేది యజమాని ఆజ్ఞే గాని ప్రాణి సొంత అనుభవం కాదన్నది మరచిపోరాదు. ఎంతైనా, మనిషిని పరిస్థితులు తయారుచేస్తాయన్న సత్యానికి అది ఒక అడుగు దగ్గర.

పోకెమాన్ రచయితలకు స్వభావం అంటే ఏమిటో తెలియదనటానికీ వీల్లేదు. తెలుసునని చెప్పే సాక్ష్యం ఎమరాల్డ్ ఆటలోనే ఉన్నది. అందులో పోటీలకని నిర్మించిన భవనాల సముదాయంలో బ్యాటిల్ ప్యాలెస్ అనేది ఒకటి. ఆ భవనంలో ఆటగాడు తన ప్రాణికి ఆజ్ఞ ఇవ్వటానికి వీల్లేదు. ఒకదాన్ని వెనక్కు పిలిచి మరొకదాన్ని పంపగలడు, అంతే. ఏ విద్య ప్రయోగించాలో ప్రాణే నిర్ణయించుకుంటుంది, తన స్వభావాన్నిబట్టి. దాడి చెయ్యటమా, తనను కాచుకోవటమా, ఇతర ఉపాయాలు పన్నటమా అన్నదానికి ప్రతి స్వభావానికీ ఒక పాళ్ళు ఉన్నాయి. ప్రాణబలం సగానికి పడిపోతే ఆ పాళ్ళు మారుతాయి. ఒంటరితనం భరించలేనిది మామూలుగా నూటికి ఇరవైసార్లే దాడికి దిగుతుంది. గాయపడితే నూటికి ఎనభైనాలుగుసార్లు మీదపడుతుంది. ధైర్యవంతుడు మొదట నూటికి డెబ్భైసార్లు దాడి చేస్తాడు. గాయపడ్డాక నూటికి అరవైసార్లు కాచుకుంటాడు. ధైర్యం అంటే గుడ్డితెగువ కాదని ఇంతకన్నా క్లుప్తంగా చెప్పటం కష్టం.

మరి కష్టజీవి? గాయపడకముందు నూటికి అరవైఒక్కసారి దాడి. గాయపడ్డ తరవాత కూడా నూటికి అరవైఒక్కసారే. దెబ్బ తిన్నా నడవడి మార్చుకోని అతికొద్ది స్వభావాల్లో అది ఒకటి. సంతలో సున్న ధర పలికిన ప్రాణి, తన చేతులు తాను వాడుకునే స్వేచ్ఛ దొరికిన ఒక్కచోట, ఇంత నిబ్బరంగా నిలబడింది. ఈ ఆటలు మొత్తంమీద నాకు అత్యంత విలువైనదిగా కనిపించిన విషయం ఇదే. నిజమైన పాత్రచిత్రణ ఇక్కడ ఉన్నది. గిరీశం ఎటువంటివాడో గురజాడ విశేషణాలతో చెప్పలేదు. అతన్ని మాట్లాడనిచ్చాడు, నడవనిచ్చాడు. స్వభావం క్రియలో తెలుస్తుంది. సంక్షోభం వచ్చినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఆజ్ఞ ఇచ్చేవాడు నోరు మూసుకుంటే తప్ప ఆజ్ఞలు పాలించేవాడి స్వభావం బయటపడదు.

ఈ భవనానికి తరవాత ఏమైంది? 2008లో ప్లాటినం ఆటలో పోటీభవనాలు అయిదు ఉన్నాయి. వాటిలో ఇది లేదు. 2014లో రూబీ, సఫైర్ ఆటలను కొత్తగా మలిచి విడుదల చేసినప్పుడు కూడా ఇది తిరిగి రాలేదు. ఆజ్ఞ ఇవ్వకుండా చూస్తూ కూర్చోవటం ఆటగాళ్ళకు విసుగు పుట్టించి ఉండవచ్చు. కారణం ఏదైనా ఫలితం ఒకటే: స్వభావానికి నడవడి పోయింది, నూటికి పది మిగిలింది.

విలువ ఎక్కడుంటుందన్న ప్రశ్నకు ఈ ఆటలు మరొకచోట చక్కని జవాబు ఇచ్చాయి. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటల్లో ట్రిక్ రూమ్ అనే విద్య ఒకటి చేరింది. దాన్ని ప్రయోగిస్తే అయిదు వంతులపాటు లోకం తలకిందులవుతుంది: అన్నిటికన్నా నెమ్మదైనది అన్నిటికన్నా ముందు కదులుతుంది. అంతవరకూ వేగం తగ్గించే స్వభావం చాలా ప్రాణులకు లోపమే. ఆ అయిదు వంతుల్లో అదే వరం. ధైర్యవంతుడి నెమ్మదితనం ఒక్కసారిగా ఆయుధమవుతుంది. స్వభావం మారలేదు, మారింది వ్యవస్థ. మందకొడివాళ్ళని ముద్రవేసి వెనకబెంచీల్లో కూర్చోబెట్టిన పిల్లల విషయంలో ఉపాధ్యాయులు తలచుకోదగిన సంగతి ఇది. లోపం వాళ్ళలో ఉన్నదా, ముందుగా చెయ్యెత్తినవాడికే మార్కులు వేసే మన పద్ధతిలో ఉన్నదా?

2014 ప్రపంచ పోటీల్లో ఇటువంటిదే మరొక నిదర్శనం కనిపించింది. దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్ పచిరిసు అనే చిన్న విద్యుత్ ఉడతను వెంటబెట్టుకుని వచ్చి పెద్దల విభాగంలో విజేత అయ్యాడు. పోటీల్లో ఎవరూ లక్ష్యపెట్టని ప్రాణి అది. అది చేసిన ముఖ్యమైన పని, శత్రువు దెబ్బల్ని తనమీదికి తిప్పుకుని పక్కనున్న సహచరుణ్ణి కాపాడటం. ఒక్కదాన్నే తూకం వేస్తే తేలిపోయే ప్రాణి, పక్కవాడితో కలిపి చూస్తే బరువు తూగింది. విలువ వస్తువులో ఒంటరిగా ఉండదు, సంబంధంలో ఉంటుంది. అయితే ఆ విజయం తరవాత పచిరిసును కూడా అంకెల్లో పెట్టి అనుకరించినవాళ్ళే ఎక్కువన్నది ఊహించగలిగినదే. సంత దేన్నయినా జీర్ణించుకోగలదు.

చివరగా పుదీనా సంగతి. 2019 నవంబరులో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో స్వభావానికి మందు కనిపెట్టారు. ఇరవైఅయిదులో సున్న గళ్ళకు ఒకటి, మిగిలిన ఇరవైకీ ఒక్కొక్కటి చొప్పున ఇరవైఒక్క రకాల పుదీనా ఆకులు. పోటీల్లో సంపాదించిన 50 పాయింట్లు చెల్లిస్తే ఒకటి వస్తుంది. కష్టజీవికి 'పిరికి' పుదీనా తినిపిస్తే పిరికిదానికి పెరిగే వేగం దానికీ పెరుగుతుంది, పిరికిదానికి తగ్గే దాడి దానికీ తగ్గుతుంది. కాని తెరమీద పేరు మారదు. కష్టజీవి అనే ఉంటుంది. స్వభావం వేరు, దాని వినియోగం వేరని ఆట మొదటిసారి బహిరంగంగా ఒప్పుకున్నది.

దీన్ని ఎలా అంచనా వెయ్యాలి? ఒకవైపు ఇది నిజమైన లాభం. మొదటినుంచి వెంట ఉన్న ప్రాణిని, స్వభావం సరిపోలేదని వదిలేసి, కొత్తదాన్ని పుట్టించుకోవలసిన అగత్యం తగ్గింది. గుడ్ల కార్ఖానా కొంత మూతపడింది. పాత స్నేహితుడు పాత పేరుతోనే పోటీకి రావచ్చు. దీన్ని నిరసించటం సబబు కాదు. రెండోవైపు, స్వభావం అనే మాటలో మిగిలిన కాస్త రక్తమూ ఇంకిపోయింది. పేరు ఒట్టి చీటీ అయింది. అయితే ఇక్కడే ఒక చిత్రం ఉన్నది. ఇన్నాళ్ళూ ఆ పేరే ప్రాణి ధర గనక పేరును పేరుగా ఎవరూ చదవలేదు. ఇప్పుడు దానికి ధర లేదు. ధర పోయిన తరవాతే గదా దేనినైనా దానికోసం చూడగలిగేది! అదే ఆటల్లో టాక్సెల్ అనే పసిప్రాణి పెరిగేటప్పుడు, పుట్టుస్వభావాన్నిబట్టి, హుషారైన రూపమో నిదానమైన రూపమో ధరిస్తుంది. ఏ పుదీనా దాన్ని మార్చలేదు. ధర తెగిపోయిన స్వభావంతో కళ ఏం చెయ్యగలదో ఈ ఒక్కచోట సూచనగా చూపి ఊరుకున్నారు. ప్యాలెస్ తలుపులు మళ్ళీ తెరవటానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. ఆ పని వాళ్ళు చెయ్యలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కొసను చూడాలంటే పోకెమాన్ గో చాలు. 2016 డిసెంబరులో మన దేశంలో అధికారికంగా విడుదలైంది. మన వీధుల్లో ఫోన్లు పట్టుకుని తిరిగినవాళ్ళకు పోకెమాన్ అంటే అదే. అందులో స్వభావం అన్నదే లేదు. అక్కరలేని ప్రాణిని ప్రొఫెసరుకు అప్పగిస్తే బదులుగా మిఠాయి ఇస్తాడు. దానితో అదే జాతి ప్రాణి మరొకదాన్ని బలపరచవచ్చు. స్వభావం లేనప్పుడు వీడ్కోలుకు కూడా బరువు లేదు.

ఇంత చెప్పటం ఆటలమీద కోపంతో కాదు. మా హాస్టలు విద్యార్థిని తప్పుపట్టటానికి అంతకన్నా కాదు. అతను చేస్తున్నది ఏమిటి? తనకు జరగబోయేది తాను సాధన చేస్తున్నాడు. చివరి సంవత్సరంలో ఉద్యోగాలిచ్చే కంపెనీలు కాలేజీకి వచ్చినప్పుడు తెలివితో బాటు స్వభావాన్ని కూడా పరీక్షిస్తాయి: పదిమందిలో కలిసిపోతావా, ఒత్తిడికి తట్టుకుంటావా, నలుగురిని నడిపిస్తావా? సిగ్గరి పిల్ల ఆ ప్రశ్నలకు ఏ జవాబులు రాయాలో ముందే నేర్చుకుంటుంది. పేరు మారదు, లోపల సిగ్గరి సిగ్గరిగానే ఉంటుంది. పుదీనా తిన్నది, అంతే. ఆమెకు ఆ ఆకు తినిపించేవాళ్ళలో, నిజం చెప్పాలంటే, మన ఉపాధ్యాయులమూ ఉన్నాం.

గనక ఈ ఆటలు ఆడవద్దని విద్యార్థులకు ఉపదేశించటం నిష్ప్రయోజనం. వాళ్ళకు చెప్పవలసింది వేరే ఉన్నది. ఒక గుణానికి విలువ కట్టటం వేరు, విలువ ఇవ్వటం వేరు. మొదటిదానికి లెక్క చాలు. రెండోదానికి ఆ ప్రాణిని కాసేపు దాని మానాన వదిలి, అది ఏం చేస్తుందో చూసే ఓపిక కావాలి. మంచి నవల ఆ ఓపిక నేర్పుతుంది. 2004లో ఒక ఆటలోని ఒక భవనం కూడా నేర్పింది. గాయపడ్డ తరవాత కూడా చెయ్యి దించని కష్టజీవికి ఇరవైఅయిదు గళ్ళ పట్టికలో సున్న వచ్చిందంటే, తప్పు ఎక్కడున్నదో వెతకవలసింది ఆ ప్రాణిలో కాదు, పట్టికలో.